పది చుక్కల యాసిడ్

ఫిబ్రవరి 6

చెల్లీ,

పెట్టె మూత తీయగానే ఈ ఉత్తరం కనపడుతుంది. ముందు బాటిళ్ళు కారాయేమో చూసుకుని తర్వాత చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో మనం రెండో నిమిషానికి పోట్లాడుకుంటాం, మూడో నిమిషానికి నీకు మీటింగ్ గుర్తొస్తుంది. కాగితానికి మీటింగులుండవు.

నాలుగు బాటిళ్ళున్నాయి. బ్యాటరీల వీధిలో నాలుగు చేతి పంపులు, ఒక్కోదానికి ఒకటి. నువ్వు ఈ ఊరొచ్చినప్పుడు ఆ వీధి ఇలా లేదు. ఇప్పుడు రెండు వైపులా రేకుల షెడ్లే. చచ్చిపోయిన బ్యాటరీలు లారీల్లో వస్తాయి. వాటిని గొడ్డళ్ళతో పగలగొట్టి, లోపలి యాసిడ్ కాలవలో పారబోసి, సీసాన్ని పెద్ద మూకుళ్ళలో కరిగిస్తారు. షెడ్ల వెనక నూట ముప్పై ఇళ్ళున్నాయి. వాళ్ళంతా ఈ పంపుల నీళ్ళే తాగుతారు. మూడో పంపు పక్కన ఒక ఇస్త్రీ ఆవిడ ఉంది, వెళ్ళినప్పుడల్లా నా సంచి తన బల్ల మీద పెట్టుకోనిస్తుంది. ఆవిడకి ఆరేళ్ళ కూతురు. రోజూ కడుపు నొప్పంటుందట, నిన్న నేర్చుకున్న అంకె ఇవాళ మర్చిపోతోందట. "బద్ధకం అమ్మా దీనికి" అంటుంది ఆవిడ. నాకలా అనిపించడం లేదు.

మా మునిసిపాలిటీ ల్యాబులో ఏముందో నీకు తెలుసు. ఒక సింకు, ఒక స్టవ్వు, రెండు అరల గాజు గొట్టాలు, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను. నీళ్ళలో సీసాన్ని చూసే మిషను నీ దగ్గరే ఉంది. మా ఇంజనీరుని అడిగితే "ఊరి నీళ్ళు ఊళ్ళోనే పరీక్ష చేసుకోవాలి, బయటికి పంపొద్దు" అన్నాడు. అందుకే చెప్పకుండా పంపుతున్నాను.

ఇంకో మాట. పోయిన నెల చెరువు నీళ్ళు పంపితే మీ వాళ్ళు రసీదు మీద "ఆమ్లం సరిచూడబడినది" అని ముద్ర వేశారు. అంటే నా బాటిళ్ళలో రంగు మారే కాగితం ముంచి, నేను యాసిడ్ వేశానో లేదో చూశారన్నమాట! నీళ్ళు పట్టిన వెంటనే పది చుక్కల యాసిడ్ వేయకపోతే సీసం బాటిల్ గోడలకి అతుక్కుపోతుందని, అప్పుడు మిషనుకి విషపు నీళ్ళు కూడా మంచినీళ్ళలాగే కనపడతాయని నీకు మొదట చెప్పిందెవరే? ఇరవై రెండేళ్ళలో నా బాటిల్ ఒక్కటీ తప్పుపోలేదు. ఒకే బెంచీ మీద పరీక్ష రాశాం. నాకు రెండు మార్కులు తగ్గి ఈ సింకు దొరికింది, నీకు రాజధాని దొరికింది. అంతే తేడా. అది మీ పిల్లకాయలకి చెప్పు.

మీ బావ పెట్టెని బస్సెక్కించడానికి చెప్పులేసుకుని నిలబడ్డారు.

అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

తిట్లన్నీ అందాయి, ఒక్కటి కూడా కారలేదు.

ముందు అసలు సంగతి. నాలుగు బాటిళ్ళలోనూ సీసం ఉంది. మూడో పంపులో ఉండదగినదానికి పదకొండు రెట్లు. నమ్మలేక మూడుసార్లు చూశాను. మా మిషనుని మేం "అత్తగారు" అంటాం. ఎంత తుడిచినా, ఎంత సేవ చేసినా ఏదో వంక పెట్టి ఆగిపోతుంది. నీ బాటిళ్ళకి మాత్రం గొణగకుండా మూడుసార్లూ ఒకే అంకె చెప్పింది. ఆ నీళ్ళు ఎవర్నీ తాగనివ్వకు. కాచినా సీసం పోదని చెప్పు. పై ఆఫీసుకి ఇవాళే రిపోర్టు పంపాను.

రంగు కాగితం విషయంలో నన్ను క్షమించు. అందరి బాటిళ్ళకీ ముంచుతారు, వాళ్ళకది అలవాటు. ఇకమీదట మా అక్క పెట్టెలో కాగితం ముంచితే మీ వేళ్ళు విరుస్తానని మా వాళ్ళకి చెప్పేశాను.

ఇక్కడ ఎదుటి మేడ కనపడి పది రోజులైంది. ప్రతి ఇంటి నుంచీ దగ్గు వినపడుతుంది. పొగ తగ్గాలని ఈ మధ్య బ్యాటరీ ఆటోలు, స్కూటర్లు వేలకి వేలు దించారు. మా వీధిలో అందరూ ఛాతీ విరుచుకుని తిరుగుతున్నారు, మా బండికి పొగ రాదని. నేనూ ఒక స్కూటరు కొన్నాను. దాని బ్యాటరీ చచ్చాక ఎక్కడికి వెళ్తుందో నీ ఉత్తరం చదివేదాకా ఆలోచించలేదు. మా పొగని మేం మూటగట్టి మీ వీధికి పంపుతున్నామే అక్కా.

నీకు కనీసం ఆకాశం కనపడుతుంది. ఆ మాటకొస్తే నాకే నీ మీద కుళ్ళు.

చెల్లి

మార్చి 2

రాజధాని వారికి,

నీ రిపోర్టు పనిచేసింది. పంపులకి ఎర్ర రంగు పూసి, గొలుసులు వేశారు. రోజూ రెండు ట్యాంకర్లు వస్తున్నాయి. ఇస్త్రీ ఆవిడ నా చేతులు పట్టుకుంది. నాలుగు రోజులు నేల మీద నడవలేదు నేను.

అయిదో రోజు మీ బావ బస్సు డిపోలో డ్యూటీ వదిలేసి, పేపరు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. లోపలి పేజీలో నీ ఫోటో. తెల్ల కోటు, కొత్త కళ్ళజోడు, చేతిలో బాటిల్. "నీళ్ళలో విషాన్ని కనిపెట్టిన మహిళ" అట. చేతిలో ఉన్న ఆ బాటిల్ నాది చెల్లీ. దాని మీద లేబుల్ నా చేతిరాత. కింద పట్టింపుగా రాసుకున్న నా పేరు మీద సరిగ్గా నీ బొటనవేలు ఉంది.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూడు, ఇదే. ఎండలో ఆ కాలవ దాటుతూ నాలుగు పంపుల దగ్గరికీ వెళ్ళింది నేను. ఇంజనీరు కన్నుగప్పి పెట్టె కట్టింది నేను. నువ్వు చల్లని గదిలో మీట నొక్కావు. వార్తంతా రెండుసార్లు చదివాను, నా పేరు కాదు కదా, "స్థానిక సిబ్బంది" అన్న మాట కూడా లేదు. మీ బావకేమో బుద్ధి లేదు, ఆ పేపరు ముక్క కత్తిరించి బస్సుల డిపోలో అతికించారు. "మా మరదలు, మా మరదలు" అని కనపడిన డ్రైవర్లందరికీ చూపిస్తున్నారు. పెళ్ళాం ఏం చేస్తుందని అడిగితే "మునిసిపాలిటీలో ఏదో" అంటారు ఆయన.

చిన్నప్పుడు నేను వేసిన బొమ్మ మీద నువ్వు రంగులు పూసి, అది నీ బొమ్మ అని అందరికీ చూపించేదానివి. అప్పుడు నువ్వు చిన్నపిల్లవని ఊరుకున్నాను. ఇప్పుడు నీకు నలభై ఒకటి.

కడుపు మండుతోంది, దాచుకోను.

ఆ బాటిల్ తాలూకు మనిషి

మార్చి 10

అక్కా,

నీ ఉత్తరం ల్యాబులో చదవడం మొదలుపెట్టి, మెట్ల మీదికి వెళ్ళి పూర్తి చేశాను.

నీ పేరు నేనే తీసేశాను. నిజమే. బయటికి పంపొద్దని మీ ఇంజనీరు చెప్పాడని నువ్వే రాశావు కదా. నీ పేరు పడితే మర్నాడు నీ ఉద్యోగం ఊడేది. అందుకే ఆ నీళ్ళు మా ల్యాబే తెప్పించుకున్నట్టు రాశాను. నీ కోసం చేసిన పనికి ఇన్ని మాటలంటావా? నువ్వెప్పుడూ ఇంతే. మంచి చేసినా అందులో ముల్లు వెతుక్కుంటావు.

సరే, అదలా ఉంచు. పై ఆఫీసు రెండోసారి పరీక్ష అడుగుతోంది. షెడ్ల వాళ్ళు పెద్ద లాయరుని పెట్టారు, మొదటి పరీక్ష తప్పంటున్నారు. రెండోదాంట్లో కూడా సీసం తేలితే షెడ్లు ఊరి బయటికి పోతాయి, ఆ వీధికి పైపు నీళ్ళొస్తాయి. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈసారి నీళ్ళు పట్టమని మీ ఆఫీసుకి అధికారికంగా ఉత్తర్వు వస్తుంది, ఇక నీకే భయం లేదు. పాత పద్ధతిలోనే పట్టి పంపు, చాలు. మిగతాదంతా నేను చూసుకుంటాను.

టీవీ వాళ్ళు కూడా వస్తామంటున్నారు. అప్పుడు వీలుంటే నీ గురించి ఒక ముక్క చెబుతాలే.

చెల్లి

మార్చి 24

ప్రియమైన చెల్లికి,

ఉత్తర్వు వచ్చింది. నీళ్ళు పట్టాను. నాలుగు బాటిళ్ళు, కొత్త మూతలు. ఈసారి నా చేతిరాత ఫోటోలకి అడ్డం రాకుండా లేబుళ్ళు టైపు చేయించాను. నీ బొటనవేలికి శ్రమ ఉండదు.

మిగతాదంతా నువ్వు చూసుకుంటావు కదా. చూసుకో.

ఇక్కడందరం కులాసా. మీ బావ కూడా.

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

ఏం రాయాలో తెలియడం లేదు. రెండో పెట్టెలో సీసం లేదు. నాలుగు బాటిళ్ళూ శుభ్రం. మూడో పంపు నీళ్ళయితే మా ల్యాబు కుళాయి కంటే నయం!

అత్తగారిని విప్పదీసి, కడిగి, మళ్ళీ బిగించాం. సీసం ఎంతుందో ముందే తెలిసిన నీళ్ళు పోసి చూస్తే సరిగ్గానే చెబుతోంది. నీ నీళ్ళకి మాత్రం శుభ్రం, శుభ్రం అంటోంది. మిగతా ఊళ్ళ అంకెలన్నీ తిరగేశాను. మా కుర్రాళ్ళందర్నీ నిలబెట్టి అడిగాను. చివరికి ఫిబ్రవరిలో నేనే తప్పు చదివానేమో అనుకున్నాను. ఒక్క నీ బాటిళ్ళ మీద మాత్రం అరనిమిషం కూడా అనుమానం రాలేదు.

షెడ్ల వాళ్ళ లాయరు నా ఫోటో పట్టుకుని నవ్వాడట. నన్ను మిషను గది నుంచి తప్పించి రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. పంపులు తెరవమని, ట్యాంకర్లు ఆపమని మీ ఆఫీసుకి ఉత్తర్వు వెళ్ళింది. ఈపాటికి తెరిచే ఉంటారు.

పోనీలే, నీళ్ళు మంచివైతే అంతకంటే కావలసిందేముంది అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ అది అబద్ధమని లోపల ఏదో గోలపెడుతోంది. నీకేమనిపిస్తోంది? నీళ్ళు వాసన చూసి చెప్పగలిగేదానివి. నాకెప్పుడూ ఆ విద్య రాలేదు, మిషను లేకపోతే నేను గుడ్డిదాన్ని. నాకు రెండు మార్కులు ఎక్కువొచ్చినా పని వచ్చింది నీకే అని నాకు మొదటి నుంచీ తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నీ ఉద్యోగం కోసమే పేరు తీసేశానన్నది సగం నిజం. ఫోటోగ్రాఫరు "ఎవరు పట్టారు ఈ నీళ్ళు?" అని అడిగాడు. "పేరు రాయకండి, కానీ మా అక్క" అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఆ ఒక్కరోజు నేను మాత్రమే ఉండాలనిపించింది.

చెల్లి

ఏప్రిల్ 16

చెల్లీ,

ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి పొద్దున బస్సుకి పంపుతున్నాను. చదవడం అయ్యేదాకా ఆయన్ని ఏమీ అడగకు, ఆయనకేమీ తెలియదు. ఫోన్ చేస్తే ఏడుస్తాను, లేకపోతే బొంకుతాను. ఇది నా చేతిరాతతో, నా సంతకంతో నీ దగ్గర ఉండాలి.

నేను యాసిడ్ వేయలేదు. నాలుగు బాటిళ్ళలో ఒక్కదాంట్లో కూడా ఒక్క చుక్క వేయలేదు.

మర్చిపోలేదు. చుక్కల సీసా చేతిలోనే ఉంది. ఇస్త్రీ బల్ల మీద సంచి పెట్టుకుని, మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. నీ అంకె తప్పని తేలాలి, నీ ఫోటో చూసి నవ్వాలి, అప్పుడు "మా అక్కని అడగండి" అంటూ నువ్వు నా దగ్గరికి రావాలి. అప్పుడు నేను మళ్ళీ నీళ్ళు పట్టి, అసలు సంగతి చెప్పి, అందరి ముందూ గెలవాలి. ఇదీ నా పథకం. మీ వాళ్ళు కాగితం ముంచి చూస్తే ఇదంతా మొదటి రోజే బయటపడేది. నా పెట్టెలో కాగితం ముంచొద్దన్నది నువ్వు, నీ చేత అలా అనిపించింది నేను.

నీ ఉత్తరం వచ్చినరోజు సంతోషపడ్డాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రెండు పూటలు హాయిగా అన్నం తిన్నాను. రికార్డుల గది అన్న మాట నాలుగుసార్లు చదువుకున్నాను. "మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నదానికి తగిన శాస్తి జరిగిందనుకున్నాను. పంపులు తెరిచారని తెలుసు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఒక్కసారి చెప్పకపోతే తర్వాత ప్రతిరోజూ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. అలా పన్నెండు రోజులు.

నిన్న క్లోరిన్ చూడటానికి ఆ వైపు వెళ్ళాను. ఇస్త్రీ ఆవిడ పిలిచి కూర్చోబెట్టింది. కూతురు పంపు కొట్టి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఎండలో వచ్చాను, నిజంగానే దాహంగా ఉంది. చేతిలో గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"తాగండమ్మా, మంచివే. మీరే కదా పరీక్ష చేసింది" అంది ఆవిడ.

నేను తాగకపోయేసరికి ఆ పిల్ల నవ్వి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని గటగటా తాగేసింది. "చూశారా, ఏమీ కాదు" అంది.

అక్కడి నుంచి లేచాను. నేరుగా డిపోకి వెళ్ళి మీ బావ పెట్టెలోంచి రెంచి తెచ్చుకుని నాలుగు పంపుల పిడులూ విప్పేశాను. వీధి వీధంతా నా మీద పడింది. ట్యాంకర్లు ఆగిపోయాయి కదా, నీళ్ళెక్కడివి అంటారు. నీళ్ళలో విషం ఉంది అంటే "మొన్న ఉందన్నారు, నిన్న లేదన్నారు, ఇవాళ మళ్ళీ ఉందంటారు, మీకేమైనా మతిపోయిందా" అని ఒకాయన నా చేతిలోని పిడి లాక్కోబోయాడు. ఇవ్వలేదు. నాలుగూ మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. ఇంజనీరు రేపు పదింటికి నన్ను రమ్మన్నాడు.

నువ్వు చేయవలసింది ఒకటే. ఆ బాటిళ్ళు నెల్లాళ్ళు దాస్తారు కదా. పారబోయకుండా ఉంటే, అందులోనే యాసిడ్ పోసి ఒక రోజు కదపకుండా ఉంచు. సీసం ఎక్కడికీ పోలేదు, గోడలకే ఉంది. దిగుతుంది.

నన్ను ఏమన్నా అను.

అక్క

ఏప్రిల్ 19

నీకు,

ఎలా పిలవాలో తెలియక పైన అలా రాశాను.

బాటిళ్ళు ఉన్నాయి. ముందు కాగితం ముంచాను. రంగు మారలేదు. యాసిడ్ పోసి ఒక రోజు ఉంచి, బతిమాలుకుని మిషను గదిలోకి వెళ్ళి చదివాను. మూడో పంపు పదమూడు రెట్లు. ఫిబ్రవరి కంటే పెరిగింది. పై ఆఫీసుకి ఫోన్ చేశాను, ట్యాంకర్లు రేపటి నుంచి మళ్ళీ వస్తాయి.

నామీద కుళ్ళుకున్నావు, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు. అది నాకు అర్థమవుతుంది. ఆ పిల్లేం చేసిందక్కా నిన్ను? నా మీద కోపంతో ఆ పిల్లకి గ్లాసు అందించావు. ఈ మాట రాయకూడదని రెండు కాగితాలు చింపేశాను. అయినా రాస్తున్నాను.

బావ ఇక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఉత్తరంలో ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు. భోజనం పెట్టాను. తినలేదు.

ఇప్పుడు రిపోర్టు రాయాలి. రెండో పరీక్ష ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాయాలి. "ప్రయాణంలో బాటిళ్ళు పాడైనవి" అని రాస్తే ఎవరూ అడగరు. నీకు ఇరవై రెండేళ్ళ సర్వీసు మిగులుతుంది. కానీ లాయరు దాన్ని పట్టుకుంటాడు. ప్రతిసారీ బాటిళ్ళు పాడవుతాయా అంటాడు, కేసు ఇంకో ఏడాది సాగుతుంది. ఉన్నదున్నట్టు రాస్తే కేసు నిలుస్తుంది, నువ్వు పోతావు. కాగితం ముంచొద్దని చెప్పింది నేనే అని కూడా రాస్తాను, అది ఎలాగూ రాస్తాను. నీ సంగతి మాత్రం నువ్వే చెప్పు. ఒకసారి నిన్ను అడగకుండా నీ పేరు తీసేశాను. ఈసారి అడగకుండా రాయను.

చెల్లి

ఏప్రిల్ 27

చెల్లీ,

రాయి. పూర్తి పేరు, ఉద్యోగం, ఊరు, అన్నీ రాయి. "అసూయ వల్ల" అని కూడా రాయి. ఆఫీసు భాషలో ఆ మాటకి చోటు లేదని వదిలేస్తే లాయరు ఇంకేదో కారణం కల్పిస్తాడు, షెడ్ల వాళ్ళు నన్ను కొన్నారంటాడు. అదొక్కటి మాత్రం పడలేను. నేను అమ్ముడుపోలేదు, కుళ్ళుకున్నాను.

ఇంజనీరుకి చెప్పేశాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత తలుపేసి, బాటిళ్ళు పాడయ్యాయని రాసిస్తే తనకీ నాకూ మంచిదన్నాడు. రాసివ్వలేదు. ల్యాబు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చాను. మీ బావకి ఇంటికొచ్చాక చెప్పాను. డిపోలో నీ ఫోటో పీకేస్తారేమో అనుకున్నాను, పీకలేదు. నాతో మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు కూర బాలేదన్నారు. అక్కడి నుంచి మొదలైంది.

నీ రిపోర్టు వీధికి చేరేలోపు నేనే వెళ్ళి చెప్పాలనిపించింది. ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళంతా బిందెలతో నిలబడి ఉన్నారు. అక్కడే చెప్పాను. నా చెల్లెలి మీద ఏడుపుతో చేశానని చెప్పాను. కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. ఒకావిడ బిందె దించి "మాకూ చెల్లెళ్ళున్నారమ్మా" అంది. అంతే అంది.

ఇస్త్రీ ఆవిడ మాత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మెల్లిగా ఒక్కటే అడిగింది. "మరి మా పిల్ల తాగిన పన్నెండు రోజులూ ఎవరు తీస్తారు?"

దానికి జవాబు నీ దగ్గరైనా ఉందేమో అని అడుగుతున్నాను. రక్తంలో సీసం చూసే డాక్టర్లు మీ ఊళ్ళో ఉన్నారు కదా. వాళ్ళని తీసుకురా. ఒక్క పిల్లకి కాదు, నూట ముప్పై ఇళ్ళలో ఎంతమంది పిల్లలున్నారో అంతమందికీ. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాస్తున్నాను, ఇప్పటికి అరవై ఏడు అయ్యాయి. ఉద్యోగం లేదు కాబట్టి బోలెడు తీరిక.

టీవీ వాళ్ళు నీ వెంట వస్తారు. రానీ. నిన్ను చూస్తే నాకు మళ్ళీ కుళ్ళు పుడుతుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఇంతా జరిగాక కూడా పుడుతుంది, ఏం చేయను? నువ్వు కెమెరా ముందు నిలబడు. సూది గుచ్చేటప్పుడు పిల్లలు చెయ్యి లాక్కుంటారు, ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. నేను పట్టుకుంటాను.

త్వరగా రా.

అక్క